సేవయు నొక విద్యయే

గత మాసమున నొక సాయంకాలము, మచ్చ బొల్లారములో మేము కాపురముండు వీధిలోని యొక యిల్లాలు తన పెద్దకుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. బాలిక ఇంటర్మీడియేటు పరీక్షయందు మంచి మార్కులతో నుత్తీర్ణురాలైనది. తండ్రి సైన్యమున పనిచేసి విరమించి, యిప్పుడు మేడ్చలు త్రోవలోని యొక కర్మాగారమున కాపలా యుద్యోగము చేయుచున్నాడు. ఆ బాలిక వెనుక నొక తమ్ముడును, ఒక చెల్లెలును గలరు. అట్టి యింట పెద్దపిల్ల యేమి చదువవలెనన్న ప్రశ్న యా పిల్లకు మాత్రమే చెందినది గాదు, ఇంటిల్లిపాదికిని చెందినది.

మేనమామ ఇంజనీరింగు చదివింపుడనెను. తండ్రి బి.కాం. చాలుననెను. పిల్ల మాత్రము సంఘసేవా శాస్త్రము, అనగా బి.ఎస్.డబ్ల్యు. అను పట్టపరీక్షకు చదివెదనని పట్టుబట్టినది. తల్లి మాతో నన్న మాటలు నేటికిని మా చెవిలో నున్నవి.

"అక్కా, అత్తమామలకు సేవ చేసినం, పిల్లలకు చేసినం, ఇరుగుపొరుగుకు చేసినం. మాకు ఏ కాలేజీల నేర్పిండ్రు? సేవ చేసేటందుకు గూడ ఫీజు గట్టి చదువాల్నా?"

ఆ ప్రశ్నకు మేమప్పుడే సమాధానము చెప్పలేకపోతిమి. రెండు దినముల గడువు కోరితిమి. ఏలయన నది యా యిల్లాలి ప్రశ్న మాత్రమే కాదు. మనలో ననేకుల మనస్సున నుండు ప్రశ్న. సేవ స్త్రీకి పుట్టుకతో వచ్చినదని మన పెద్దలు నమ్మిరి, మనమును నమ్మితిమి. పుట్టుకతో వచ్చినదానిని నేర్పనక్కరలేదు. నేర్పనక్కరలేనిదానికి వెల గట్టనక్కరలేదు. ఇల్లాలు జీవితాంతము వండిన నది ధర్మము; అదే వంట హోటలులో నొక పురుషుడు చేసిన నది వృత్తి. రోగికి చేయు పరిచర్యకును నొకప్పుడిదే గతి. 1860లో లండను నగరమున సెయింట్ థామస్ ఆసుపత్రియందు ఫ్లారెన్సు నైటింగేలు పేర నర్సుల పాఠశాల వెలసిన నాడు, మంచముచెంత కూర్చుండి నీరిచ్చుటకు పాఠశాల యేల యని నవ్వినవారు లేకపోలేదు. నేడు చదువని నర్సు చేతికి మన బిడ్డ నప్పగింతుమా?

మా యభిప్రాయము చెప్పుటకు ముందు మేము చేసిన తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది. అది చెప్పక హితము చెప్పుటకు మాకధికారము లేదు.

చాల యేండ్ల క్రిందట మేము వేఱొక యూర నుండగా పొరుగింటి కోడలు మాతో చనువుగా మెలగుచుండెడిది. ఒకనాడామె చేతిపై నల్లని మచ్చలు చూచి యడిగితిమి. ఆమె మొదట తలుపు తగిలినదనెను. పిదప కన్నీరు పెట్టుకొని భర్త కొట్టుచున్నాడని చెప్పెను. ఎవ్వరికిని చెప్పవలదని మా చేయి పట్టుకొని యడిగెను. మాకు మనసు కరగిపోయినది. నలుగురు పెద్దలు నచ్చజెప్పిన నంతయు సర్దుకొనునని తలచి, ఆమె నడుగకయే యామె యత్తగారితోడను, ఆడబిడ్డతోడను మాటలాడితిమి. మేమేదో గొప్ప యుపకారము చేసితిమని యా రాత్రి హాయిగా నిద్రించితిమి. ఆ రాత్రి యామె పడిన బాధ మఱికొన్ని దినములకు గాని మాకు తెలియలేదు. ఇంటి గుట్టు వీధిలో పెట్టినదని యామె చేతిలోని ఫోను లాగికొనిరి. పుట్టింటితో మాటలేకుండ జేసిరి. పిమ్మట నామె మా గడప త్రొక్కలేదు. ఎదురైనను తలయెత్తి చూడలేదు. ఆమె కున్న యొక్క చెవిని మేమే మూసివేసితిమి.

మాకు దయ కొఱవడలేదు. తెలివి కొఱవడినది. ఆపదలోనున్న స్త్రీ చెప్పిన రహస్యము ఆమె సొత్తు. ఆమె సమ్మతి లేక దానిని ఖర్చుపెట్టుటకు మాకు హక్కు లేదు. మొదట నడుగవలసినది "నీకేమి కావలెను?" అని. రెండవది, "ఈ రాత్రి నీవు భద్రముగా నుండగలవా?" అని. గృహహింసనుండి స్త్రీలను రక్షించుటకు 2005లో చట్టము వచ్చినదనియు, దాని క్రింద రక్షణాధికారు లుందురనియు, 181 సంఖ్యకు ఫోను చేయవచ్చుననియు చెప్పి, చేయుటయు మానుటయు నామెకు విడువవలెను. ఈ రెండు మూడు మాటలు సంఘసేవా విద్యార్థినికి తొలి సంవత్సరముననే నేర్పుదురు. మాకు నేర్పినవారు లేరు.

ఇక నా విద్య యెట్టిదో చూతము. దాని ముఖ్యభాగములు మూడు. మొదటిది వ్యక్తిసేవ: కష్టములోనున్న యొక మనిషితోనో, ఒక కుటుంబముతోనో కూర్చుండి, విని, వారి చిక్కును వారే విప్పుకొనునట్లు తోడ్పడుట. రెండవది బృందసేవ: ఒకే విధమైన కష్టము గల పదుగురిని, అనగా త్రాగుబోతుల భార్యలను, వికలాంగులైన బిడ్డల తల్లులను, బడి మానిన బాలికలను ఒకచోట జేర్చి, ఒకరివలన నొకరికి ధైర్యము కలుగునట్లు నడపుట. మూడవది సముదాయ సంఘటనము: ఒక బస్తీయో, ఒక పల్లెయో తన నీటికి, తన బడికి, తన దారికి తానే పూనుకొనునట్లు చేయుట. వీనికి తోడు సంస్థల నిర్వహణము, పరిశోధన, అన్యాయమును మార్చుటకై చేయు సాంఘిక కృషి యనునవియు గలవు. మనశ్శాస్త్రము, సమాజ శాస్త్రము, చట్టములు కొంత కొంత చదువవలెను.

అయిన నీ విద్యకు ప్రాణము పుస్తకమున లేదు, క్షేత్రకార్యమున నున్నది. పాకశాస్త్రము చదివినంతమాత్రమున నన్నముడకదు గదా. సాధారణముగా వారమున రెండు దినములు విద్యార్థిని ఆసుపత్రికో, అనాథ బాలల గృహమునకో, బస్తీకో, పల్లెకో పోయి పనిచేయవలెను. చేసినపని నంతయు వ్రాయవలెను. ఆమె యేమనెను, నేనేమంటిని, ఏల యట్లంటిని, అనకుండవలసిన మాట యేది యని వ్రాసి, ఉపాధ్యాయిని యెదుట కూర్చుండి తన తప్పు తాను తెలిసికొనవలెను. మేము పొరుగింటి కోడలి విషయమున నిట్లొక పుట వ్రాసికొని యుండినచో, "ఆమె నడుగకయే" యన్న మాటయొద్ద మా కలమాగి యుండును.

చదివిన చేతికిని, చదువని చేతికిని గల భేదము తెలియుట కొక దృష్టాంత మూహింతము. మా బొల్లారము, అల్వాలు ప్రాంతమున సైన్యమునుండి విరమించినవారి కుటుంబములు పెక్కు గలవు. బిడ్డలు దూరదేశముల నుండగా వృద్ధులొంటరిగా నుండు నిండ్లును గలవు. అట్టి యొక యింట నొక ముసలమ్మ నాలుగు దినములుగా పొయ్యి వెలిగింపలేదని తెలిసినది. మనమేమి చేయుదుము? క్యారియరు నిండ నన్నము కూరలు పట్టుకొని పోవుదుము. పది దినములు వంతులవారీగా పంపుదుము. పదునొకండవ దినమున మన యింట చుట్టములు వత్తురు, క్యారియరు నిలిచిపోవును. మధ్యలో నామె కుమారునికి ఫోను చేసి నాలుగు చీవాట్లు పెట్టుదుము. అతడు కోపించి యున్న రాకపోకలు కూడ మానును.

చదివిన స్త్రీ యేమి చేయును? అన్నము తీసికొనియే పోవును. కాని యన్నము పెట్టి లేచి రాదు. కూర్చుండి వినును. పొయ్యి యేల వెలిగింపలేదో, అది యలుకయో, రోగమో, బీదతనమో, భయమో యని మెల్లగా గ్రహించును. కంటికి శుక్లములు వచ్చి మంట సరిగా కనబడక చీర కంటుకొనునేమో యని భయపడుచున్నదని తెలియవచ్చును. అప్పుడు కావలసినది క్యారియరు గాదు, కంటివైద్యము. కుమారుడు డబ్బు పంపుట మానినచో, తలిదండ్రుల పోషణకై 2007లో వచ్చిన చట్టము ననుసరించి ట్రిబ్యునలున నర్జీ పెట్టుకొనవచ్చుననియు, ఆ చట్టములో నెలకు పదివేల రూపాయల వఱకు భరణము నిర్ణయించు నవకాశ మేర్పఱచిరనియు, వృద్ధుల సహాయమునకు 14567 అను ఫోను సంఖ్య కలదనియు చెప్పును. "నా కొడుకు మీద కేసు వేయను" అని యా తల్లి యన్నచో, ఆ మాటను గౌరవించి వేఱు దారి వెదకును. వారము దాటిన పిమ్మట మరల వచ్చి చూచును. అన్నము పెట్టుట తప్పుగాదు. అన్నము పెట్టి పని యైనదనుకొనుట తప్పు.

ఈ విద్య నిన్నమొన్నటిది గాదు. అమెరికాలో షికాగో నగరమున 1889లో జేన్ ఆడమ్సు అను విదుషి తన మిత్రురాలితో గలసి బీదల పేటలో హల్ హౌసను నింట కాపురముండి, పొరుగువారి కష్టములను దగ్గఱనుండి చూచి పనిచేసెను. 1931లో నామెకు నోబెలు శాంతి బహుమాన మీయబడెను. 1899లో ఆమ్‌స్టర్‌డామునందును, 1908లో ఆలిస్ సాలమను యాజమాన్యమున బెర్లినునందును సంఘసేవకు పాఠశాలలు వెలసినవి. మన దేశమున 1936లో బొంబాయియందు సర్ దొరాబ్జీ టాటా పేర నిట్టి తొలి కళాశాల యేర్పడెను. దానిని మొదట నడపిన క్లిఫర్డ్ మాన్‌షార్టు అంతకుముందు బొంబాయి నాగ్‌పాడా పేటలో బీదల నడుమ పనిచేసినవాడు. ఆ కళాశాలయే 1944 మొదలు టాటా సాంఘిక శాస్త్రముల సంస్థ యను పేర ప్రసిద్ధి చెందినది. మదరాసున 1952లో మేరీ క్లబ్‌వాలా జాదవుగారి పూనికతో నట్టి పాఠశాల వెలసినది.

మన తెలుగువారి కింతకంటె దగ్గఱి నిదర్శనము శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారి జీవితము. ఆమె 1909లో రాజమహేంద్రవరమున జన్మించెను. చిన్నతనముననే బాలికలకు హిందీ పాఠశాల నడపెను. ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెఱసాలకు పోయెను. అచ్చట ఖైదులోనున్న స్త్రీలను చూచెను. చట్ట మేమి చెప్పునో తెలియక, తమ పక్షమున నొక్క మాట చెప్పుకొనజాలక శిక్షలనుభవించు వారి యవస్థ యామె మనస్సును కలచెను. వారికి తోడ్పడవలెనన్న దయ యుండినను చట్టము తెలియక తానును నిస్సహాయురాలనే యని యామె గ్రహించెను. ఆ గ్రహింపే యామెను మరల చదువునకు పంపినది. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను ముగించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున బి.ఏ. పట్టము పొంది, 1942లో మదరాసున న్యాయశాస్త్రము ముగించెను. ఈ నడుమనే, 1937లో, మదరాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించెను. చదువు మధ్యలో నాగిపోయిన స్త్రీలను కాశీ పరీక్షకు సిద్ధపఱచుట యా సభ తొలి పనులలో నొకటి. పిదప రాజ్యాంగ పరిషత్తున సభ్యురాలయ్యెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి కధ్యక్షురాలయ్యెను. పెద్దవయసు స్త్రీలకు తక్కువ కాలమున చదువు చెప్పు సంగ్రహ విద్యాపథకమును 1958లో నా మండలియే ప్రారంభించెను.

ఈ జీవితక్రమమును గమనింపుడు. ముందు సేవ, ఆ సేవలో తన యజ్ఞానము తన కెఱుకపడుట, పిదప చదువు, ఆ చదువుతో మరల సేవ. బొల్లారపు తల్లి యడిగిన ప్రశ్నకు సమాధానము మాకిచ్చటనే దొరకినది.

ఇక నుద్యోగముల మాట. పిల్లకు చదువు చెప్పించు తల్లికి బ్రతుకుతెరువు నడుగు హక్కు కలదు. అది యల్పత్వము గాదు. 1948 నాటి కర్మాగారముల చట్టము ననుసరించి, ఐదువందలు లేక యంతకు మించి కార్మికులున్న కర్మాగారమున సంక్షేమాధికారి యుండవలసి యుండెను. మేడ్చలు, జీడిమెట్ల త్రోవలందు కర్మాగారములకు కొదువ లేదు. ఆపదలోనున్న బాలలకై 1098 అను ఫోను సహాయము 1996లో బొంబాయియందు టాటా సంస్థవారి క్షేత్రకార్యమునుండియే పుట్టినది. అదిప్పుడు దేశమంతట ప్రభుత్వము నడపుచున్నది. బాలన్యాయ చట్టము, గృహహింస చట్టము మొదలగువాని యమలునకు జిల్లాలందు బాలల రక్షణ విభాగములును, స్త్రీలకై సఖీ కేంద్రములును కలవు. పెద్దయాసుపత్రులందు రోగులకును, వైద్యులకును నడుమ వారధిగా పనిచేయు వైద్య సంఘసేవిక లుందురు. స్వచ్ఛంద సంస్థ లనేకము. మన ప్రాంతముననే, పూర్వపు రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషను ద్వారా బాలకార్మికులను పనినుండి బడికి మఱలించిన శాంతాసిన్హాగారికి 2003లో రామన్ మెగసెసే బహుమాన మీయబడినది.

కొన్ని పనులకు మాత్ర మీ పట్టము చాలదని ముందే తెలిసికొనవలెను. మానసిక రోగుల చెంత సంఘసేవికగా చట్టరీత్యా గుర్తింపబడుటకు, 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ననుసరించి, ఎం.ఎస్.డబ్ల్యు. వంటి పై పట్టమును, దానిపైని ప్రత్యేక శిక్షణమును కావలెను. బుద్ధిమాంద్యముగల పిల్లలకు బోధించుటయు వేఱొక విద్య. దానికి మన సమీపముననే, బోయినపల్లి మనోవికాసనగరున 1984లో వెలసిన జాతీయ సంస్థ కలదు. అట్టి బోధకులు భారత పునరావాస మండలియందు పేరు నమోదు చేయించుకొనవలెను. బిడ్డ మనస్సు దేనివైపు మొగ్గుచున్నదో చూచి త్రోవ నెన్నుకొనుట మేలు.

విదేశములందు బంధువులున్నవారి కొక హెచ్చరిక. అమెరికాలో "హ్యూమన్ సర్వీసెస్", అనగా మానవసేవలు, అను పేర వేఱొక పట్టము కలదు. 1964లో న్యూయార్కున ఆడ్రీ కోహెను అను నామె బీద పేటల స్త్రీలకు పని నేర్పుట కొక సంస్థ నేర్పఱచెను. కొలదికాలమునకది మానవసేవల కళాశాల యైనది. బడులందు, ఆసుపత్రులందు సహాయకురాండ్రుగా నా స్త్రీలు కుదురుకొనిరి. ఆ విద్య మంచిదే. కాని యచ్చటి రాష్ట్రములందు సోషల్ వర్కరుగా లైసెన్సు పొందుటకు సాధారణముగా సంఘసేవా శాస్త్రమున గుర్తింపుగల పట్టమునే యడుగుదురు. పేర్లు దగ్గఱగా నున్నవని రెండు నొకటే యనుకొని రుసుము చెల్లింపవలదు.

జీతముల విషయమున మేము కల్లలాడము. తొలి జీతము చిన్నది. ఉద్యోగములు పెక్కు కాలపరిమితి గలవి. పథకము ముగిసిన నుద్యోగమును ముగియును. ఎం.ఎస్.డబ్ల్యు. చదివిననే గాని పైమెట్టు లందుట కష్టము. కావున మూడేండ్ల చదువనుకొనక, ఐదేండ్ల చదువుగా నెంచుకొనవలెను. కొన్ని సంస్థలు "ఇది సేవ గదమ్మా" యని చెప్పి సగము జీతమునకు రెండింతల పని చేయించుకొనును. సేవ యని పేరుపెట్టి కూలి యెగవేయుట సేవ గాదు. ఇంట మనము పడిన పాటునకు వెల లేకపోయినదే. చదివిన పిల్ల పాటునకైనను వెల యుండవలదా? ఇంకొక కష్టము కంటికి కనబడదు. దినదినమును పరుల దుఃఖము వినువారి మనస్సు డస్సిపోవును. తన విశ్రాంతిని, తన హద్దును తాను కాపాడుకొనుట కూడ నీ విద్యలోని పాఠమే. ఎవరి కష్టము చూచినను తానే కూలిపోవు బాలికయు, ఎవరికైనను తీర్పు చెప్పుటకు తొందరపడు బాలికయు నీ త్రోవను పట్టుటకు ముందు కొంత కాల మాలోచింపవలెను.

కళాశాల నెన్నుకొనునప్పుడు తల్లి యడుగవలసిన ప్రశ్నలు కొన్ని చెప్పెదము. కాగితముపై వ్రాసికొని పొండు. అది పూర్తిగా బి.ఎస్.డబ్ల్యు. పట్టమా, లేక బి.ఏ.లో సంఘసేవ యొక పాఠ్యాంశమా? ఏ విశ్వవిద్యాలయము పట్టమిచ్చును? దానితో ఎం.ఎస్.డబ్ల్యు.లో చేరవచ్చునా? క్షేత్రకార్యము వారమునకెన్ని దినములు, ఎచ్చట? అచ్చట పిల్లలకు పెద్దదిక్కెవరు? ఆలస్యమైన తిరిగివచ్చు త్రోవ యేది? బోధన యే భాషలో? ముందు చదివినవా రిప్పుడే పనులలో నున్నారు? క్షేత్రకార్యమును గూర్చి నీళ్లు నమలు కళాశాలలో చేర్పవలదు. గచ్చిబౌలిలో రోడా మిస్త్రీగారి పేర సంఘసేవా విద్యకే ప్రత్యేకించిన కళాశాల కలదు. అచ్చట నే యే తరగతులున్నవో విచారింపవచ్చును. 2023లో మేడ్చలు వఱకు ఎం.ఎం.టి.ఎస్. రైలు వచ్చుటచే బొల్లారము బాలికలకు సికింద్రాబాదు చేరుట కొంత సులువైనది. కాని యచ్చటినుండి గచ్చిబౌలి దూరమే. రానుపోను నెంతసేపు పట్టునో తల్లియు కూతురును ఒకనాడు కలసి పోయి చూచుకొనుట మంచిది.

ఇల్లు విడిచి పోలేని సోదరీమణులు నిరాశ చెందనక్కరలేదు. 1985లో నేర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమువారు దూరవిద్యగా సంఘసేవలో పట్టపరీక్ష పెట్టియున్నారు. ఇంటర్మీడియేటు చదివినవారు చేరవచ్చును. మూడేండ్ల చదువును, వీలు కానివారు ఆరేండ్ల వఱకు సాగించుకొనవచ్చునని నియమము. వయసు దాటినదని సిగ్గుపడవలదు. అత్తమామలకు పరిచర్య చేసిన చేయి, మొండి బిడ్డను బుజ్జగించిన నోరు, ఆడబిడ్డ మనసెఱిగి మెలగిన యోర్పు మీకడ నున్నవి. ఆ యనుభవమునకు శాస్త్రము తోడైన నది పదునెక్కును. అయితే నిందును క్షేత్రకార్యము తప్పదు. ఇంట కూర్చుండి ముగించు చదువిది కాదు.

గడువు ముగిసిన నాడు తల్లియు కూతురును మరల వచ్చిరి. పైని వ్రాసినదంతయు, జీతముల మాటతో సహా, దాచక చెప్పితిమి. మా తప్పు కథయు చెప్పితిమి. తల్లి చాలసేపు మాటలాడలేదు. పిదప కూతురివైపు తిరిగి, "ఇంత విన్నవు గద. ఇంకా అదే చదువుతవా? ఎందుకు?" అని యడిగినది. అంతవఱకు మేమెవ్వరమును ఆ పిల్లనీ ప్రశ్న యడుగలేదని యప్పుడు మాకు తట్టినది. అందఱమును ఆమెను గూర్చి మాటలాడితిమే గాని, ఆమెతో మాటలాడలేదు. మరల నదే తప్పు!

పిల్ల తల వంచుకొనియే చెప్పినది. "నాయనమ్మను దవాఖానకు తీస్కపోయినప్పుడు పొద్దుగూకేదాక తిరిగినం. ఏ కిటికి కాడికి పోవాల్నో, ఏ కాయితం చూపాల్నో చెప్పే మనిషి లేకుండె. నాయనమ్మ బెంచి మీద పండుకొని, ఇంటికి పోదాం బిడ్డా అన్నది. ఆ చెప్పే మనిషి నేనయితనమ్మా."

తల్లి కొంగుతో కన్నులొత్తుకొనినది. మేనమామకేమి చెప్పవలెనో యా రాత్రి యాలోచించుకొందురట. ఏమి నిశ్చయించిరో యిది వ్రాయునాటికి మాకు తెలియదు. తెలిసికొనుటకు తొందరపడి వారి గడప త్రొక్కుటయు లేదు. చెప్పవలెనన్న వారే వచ్చి చెప్పుదురు.

సోదరీమణులారా! మీ యింట నిట్టి బాలిక యున్నచో "సేవకు చదువేల?" అని తోసివేయకుడు. ముందామెను "ఏల చదువగోరుచున్నావు?" అని యడిగి, చెప్పునంతసేపు వినుడు. జీతమును, త్రోవను, కళాశాలను తూచి చూడుడు. ఆమె మాటలో నిలుకడ కనబడినచో పంపుడు. మనము తెలియక చేసిన కీడు మన బిడ్డలు తెలిసి చేయు మేలుతో కొంత తీరుగాక!